ఖాళీ పడని చిలక్కొయ్య

మా అత్తమ్మ కిందటి నెల ఒక మంగళవారం పొద్దున కన్నుమూసింది. పక్కన చెంబులో అరటి నార నానుతూనే ఉంది, ఒళ్లో బంతిపూల దండ సగం కట్టి ఉంది. చుట్టాలకు, గుడికి మా ఆయన కబురు పంపాడు. అందరూ వచ్చారు, జరగవలసినవి జరిగాయి. ఆమె కోసం ఎదురుచూసే మనుషులు ఇంకోచోట ఉన్నారని, వాళ్లకు చెప్పేవాళ్లు ఎవరూ లేరని నాకు శుక్రవారం పొద్దున గుర్తుకొచ్చింది. ఆ రోజు జైల్లో ములాఖాత్. ఖైదీలను ఇంటివాళ్లు చూసుకునే రోజు.

మైలలో ఉన్నదాన్ని ఎవరి గడపా తొక్కకూడదు. జైలు గేటు ఎవరి గడపా కాదు గదా అనుకుని చెప్పులు వేసుకున్నాను. మా ఆయన చూశాడు. వీధిలోకి వెళ్లి రిక్షాను పిలుచుకొచ్చాడు.

గేటుకు ఎదురుగా వేపచెట్టు కింద పదిహేనుమంది దాకా ఆడవాళ్లు మూటలు పెట్టుకుని కూర్చున్నారు. నన్ను చూసి ఒక ముసలామె, "అవ్వ రాలే? పానం మంచిగ లేదా ఏంది?" అని అడిగింది.

"అవ్వ లేదమ్మా. మంగళారం పోయింది" అన్నాను.

కొందరు ముక్కులు చీదుకున్నారు. జల్‌పల్లి నుంచి నడిచొచ్చే చిన్న వయసు పిల్ల ఒకతె మాత్రం ఏడవకుండా తన మూటను నా ముందుకు జరిపింది. "మరి దీన్ని ఎవరు చూస్తరక్కా?" అంది.

మూట విప్పాను. ఉతికిన పైజామా, దానికి కొత్తగా ఎక్కించిన నాడా. నాడాను లాగి ఆ పిల్ల చేతిలో పెట్టాను. "తాడసొంటిది ఏదీ లోపలికి పోనియ్యరు బిడ్డా. వచ్చేసారి గుండీలు కుట్టి తే" అన్నాను. ఆ గొంతు అచ్చం మా అత్తమ్మదే. అంతవరకు ఆపుకున్న ఏడుపు నాకు అప్పుడొచ్చింది.

నాడా సంగతి మాకు ఎలా తెలిసిందో చెప్పాలంటే నా తెలివితక్కువతనం ఒకటి బయటపెట్టుకోవాలి. దానికంటే ముందు మా చిలక్కొయ్య గురించి చెప్పాలి.

శాలిబండలో మా గల్లీ గుడికి నాలుగిళ్ల వాళ్లం తరతరాలుగా పూలదండలు కట్టి ఇస్తున్నాం. గుడి సామాన్ల గదిలో గోడకు నాలుగు చిలక్కొయ్యలున్నాయి, ఇంటికొకటి. రోజూ పొద్దున పూజవేళకు ఎవరి బుట్ట వాళ్ల కొయ్యకు వేలాడాలి. వరుసగా మూడు రోజులు కొయ్య ఖాళీ పడితే అది పక్కింటి వంతుకు కలిసిపోతుంది. దాంతోపాటు హారతి వేళ గుడిలో ఆ ఇంటి మగవాడు నిలబడే చోటూ పోతుంది. బయటివాళ్లకు ఇది చిన్న విషయం. మాకు అది పోతే ఇంక ఆ గల్లీలో తలెత్తుకుని నడిచే పని ఉండదు.

మా ఆయన అప్పట్లో కోపిష్టి. పోలీసు యాక్షన్ అయిపోయి కొన్నేళ్లు గడిచిన రోజులవి, భాష కోసం రాష్ట్రాలు వేరుచేయాలన్న మాట అప్పుడప్పుడే వినబడుతోంది. ఒకనాడు కార్వాన్‌లో మేము పూలు కొనే సేటు దుకాణంలో, గంపలో పైన తాజా పూలు, కింద వాడిన పూలు ఉన్నాయని గొడవపడ్డాడు. మాట మీద మాట పెరిగింది. మా ఆయన తూకం రాయి తీసి విసిరాడు. అది సేటుకు ఎడమ చెవి మీద తగిలింది. మనిషి బతికాడు గానీ ఆ చెవికి వినికిడి పోయింది. మా ఆయనకు రెండేళ్ల శిక్ష పడింది. తప్పు మాదే. ముందుగా ఈ ముక్క రాసేస్తున్నాను, ఎందుకంటే అత్తమ్మ కూడా ఎవరు అడిగినా మొదట ఈ ముక్కే చెప్పేది.

శిక్ష పడిన సాయంత్రం నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. మా పుట్టింటివాళ్లు వచ్చి, బొంబాయిలో మిల్లు పనికి పోయాడని చెప్పుకుందామన్నారు. పక్క కొయ్య ఇంటి మా బావగారు, అంటే మా ఆయన పెదనాన్న కొడుకు, వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"చిన్నమ్మా, కొయ్య ఫికర్ పెట్టుకోకు. నేను చూసుకుంట. జైలుకు పోయినోని ఇంటి పూలు దేవుని మెడల ఎట్లేస్తం చెప్పు?" అన్నాడు.

అత్తమ్మ చాటలో తులసి ఏరుతోంది. తల ఎత్తలేదు. "పూలు జైలుకు పోలే కదరా. పోయింది నా కొడుకు. బుట్ట రేపు పొద్దుగాల ఆడనే ఉంటది, వచ్చి చూసుకో" అంది. ఆయన వెళ్లాక నా వైపు తిరిగింది. "లే పిల్లా. లేచి నార తడుపు. నీ మొగడు వచ్చేదాక ఆయన జాగ మనం పట్టుకోవాలె. ఏడ్సుకుంట పట్టుకుంటవో, నవ్వుకుంట పట్టుకుంటవో నీ ఇష్టం."

మర్నాడు పొద్దున ఆమె బయలుదేరింది ఎక్కడికనుకున్నారు? పురానాపూల్ దాటి కార్వాన్‌కు, ఆ సేటు దుకాణానికే. నాకు మతి పోయినంత పనైంది. చార్మినార్ దగ్గర పూలు దొరకవా అని అడ్డం పడ్డాను.

"రెండేండ్లకు నీ మొగడు వస్తడు. వచ్చినంక గా తొవ్వలనే నడవాలె. గా సేటు మొఖం తప్పిచ్చుకోని ఎన్ని గల్లీలు తిరుగుతడు? ముందుగాల నేను నడిచి తొవ్వ చేస్త" అంది.

సేటు తలకు ఇంకా కట్టు ఉంది. ఆమెను చూసి, "నీ కొడుకు నా చెవి తీసిండు. నీకు పూలియ్య, పో" అన్నాడట.

"తీసిండు. తప్పే. అందుకే జైల్ల ఉన్నడు. నేను పూలకొచ్చిన. ఇయ్యకపోతే ఇయ్యకు, రేపొస్త" అని ఈమె తిరిగొచ్చింది. దారిలో ఇంకెవరి దగ్గరో దొరికిన నాలుగు పూలు పట్టుకొచ్చి, పలచగానైనా దండ కట్టి కొయ్యకు తగిలించింది. అలా ఇరవై రోజులు జరిగింది. రోజూ మొదట ఆయన దుకాణం ముందు నిలబడటం, ఆయన పొమ్మనటం, "రేపొస్త" అని ఈమె రావటం. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించేది. ఆమెకు మాత్రం అది రోజూ నీళ్లు తోడటం లాంటి ఒక పని.

ఆ నిలబడటంలోనే ఆమె ఒకటి కనిపెట్టింది. బేరానికి వచ్చినవాళ్లు ఎడమపక్క నిలబడి అడుగుతున్నారు. సేటుకు వినబడటం లేదు. వాళ్లు విసుక్కుంటున్నారు, ఆయన ముఖం మాడ్చుకుంటున్నాడు. ఇరవయ్యో రోజున ఈమె వాళ్లందరినీ కసిరింది. "జెర కుడిపక్కకొచ్చి చెప్పుండ్రి! మనిషికి గా పక్క వినవడది, కండ్లు లేవా మీకు?" అని, తనూ కుడిపక్కకు వెళ్లి నిలబడి, "రెండు శేర్ల బంతి, గుప్పెడు మరువం" అంది. సేటు ఆమె వైపు తిరిగి గంపలోకి చెయ్యి పెట్టాడు. ఆ రోజు నుంచి అత్తమ్మ చనిపోయే ముందురోజు దాకా మా ఇంటి పూలు ఆ దుకాణంవే.

ఇప్పుడు నా తెలివితక్కువతనం. మొదటి ములాఖాత్‌కు నేనొక్కదాన్నే వెళ్లాను. ఆ పొద్దున అమ్మవారి మెడలోంచి తీసిన దండ, మల్లె, మరువం కలిపి మేము కట్టిందే, పంచె మడతలో దాచి పెట్టాను. ఆ వాసన చూస్తే ఆయనకు కొంచెం ధైర్యం వస్తుందని నా ఆశ. గేటు దగ్గర జవాను మడత విప్పి దండను మూరలు మూరలుగా బయటికి లాగాడు.

"ఏ క్యా హై? రస్సీ?" అన్నాడు.

"తాడు కాదయ్యా, దేవుని దండ" అన్నాను.

అతను చెడ్డవాడేం కాదు. దండను రెండు పేటలు చేసి నా కళ్లముందే గట్టిగా గుంజాడు. పూలు రాలాయి గానీ నార తెగలేదు. "దీంతోని లోపలోళ్లు ఏం చేసుకుంటరో నీకు తెల్వదమ్మా. నేను చూసిన" అన్నాడు. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి దండలు కట్టే ఇంట్లో ఉన్నాను, దండ ఒక తాడని నాకు ఎన్నడూ తోచలేదు. ఆ రోజు ములాఖాత్ ఇవ్వలేదు. లోపల మా ఆయన పిలుపు కోసం పొద్దంతా కూర్చునే ఉన్నాడని తర్వాత తెలిసింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అత్తమ్మ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. జవాను ఏమేమన్నాడో ఒక్కొక్క మాటా అడిగింది. మర్నాడు, ములాఖాత్ లేని రోజున, తనే గేటు దగ్గరకు వెళ్లి కూర్చుంది. డ్యూటీ మారేదాకా కూర్చుని, పోయే జవానునూ వచ్చే జవానునూ వేరువేరుగా అడిగింది. ఏం తేవచ్చు, ఏం తేవద్దు, బట్టలు ఎన్ని జతలు, తిండి ఏది, మందులకు ఎవరి సెలవు తీసుకోవాలి. "ఒక్కన్ని అడిగితే ఆయన మతికున్నదే చెప్తడు. ఇద్దరిని అడిగితే అసలుది తెలుస్తది" అంది. ఇంటికొచ్చి నా చేత వాటిని ఎక్కాల్లా వప్పజెప్పించింది.

అంతటితో వదల్లేదు. ములాఖాత్‌కు ముందురోజు అరుగు మీద నన్ను నిలబెట్టి, తను ఎదురుగా కూర్చుని మా ఆయన అయిపోయేది. ఊఁ, మాట్లాడు అనేది. మొదటిసారి నేను "ఎట్లున్నరు" అని నోరు తెరవగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

"అయిపాయె. టైం అయిపాయె. పో ఇంటికి" అంది అత్తమ్మ.

నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. "ఏడుపొస్తే రానియ్యి, గని మాట ఆపకు. ఇంటి ముచ్చట ఒకటి చెప్పు. ఆయన తేల్చాల్సింది ఒకటి అడుగు. లోపలున్నోనికి తిననీకె పెడతరు, పండనీకె జాగ ఇస్తరు. నువ్వేమంటవని ఎవ్వరడుగుతరు? మనమే అడగాలె" అంది.

ఇంట్లో ఉప్పు డబ్బా ఏ మూల పెట్టాలో కూడా తనే తేల్చే మనిషి ఈ మాట అన్నదంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. కానీ ప్రతి ములాఖాత్‌కూ ఒక ప్రశ్న మోసుకెళ్లింది. బావి గిరక బాగుచేయించాలా, కొత్తది వేయాలా? శ్రావణ శుక్రవారానికి చామంతులా, మల్లెలా? ఆయన చామంతులు అన్నాడు. అత్తమ్మ తనకు ఇష్టం లేకపోయినా చామంతులే కట్టింది. ఆ తర్వాతిసారి ఆయన తనంతట తనే అడిగాడు, "చామంతులు సాయంత్రం దాక ఉన్నయా?" అని. జైలుకు వెళ్లాక ఇంటి గురించి ఆయన అడిగిన మొదటి మాట అది.

మధ్యలో నేను మరో పిచ్చిపని చేశాను. ఆయన మనసు కష్టపెట్టడం ఎందుకని, "బావగారు మనలను మంచిగ అరుసుకుంటున్నరు" అని చెప్పాను. బావగారు కొయ్య కోసం గుడి పెద్దల చుట్టూ తిరుగుతున్న సంగతి ఆయనకు మా గల్లీవాళ్లు ఎవరో రాసిన ఉత్తరంలో తెలిసింది. ఇక మేము ఏం చెప్పినా నమ్మటం మానేశాడు. అత్తమ్మ, "కొయ్య ఒక్క దినం ఖాళీ పడలే బిడ్డా" అంటే, "నాకు చెప్పనీకె చెప్తున్నవు" అని ముఖం తిప్పేసుకున్నాడు.

ఆ తర్వాతి ములాఖాత్‌కు ఆమె పొద్దున దండలు కట్టి, చేతులు కడుక్కోకుండా నాతో వచ్చింది. వేళ్లకు పూల పసరు, గోళ్లలో మరువం. ఆయన ఇనుప తీగల జాలీకి అవతల తలవంచుకుని నిలబడ్డాడు. ఆమె ఏమీ చెప్పలేదు. వేళ్లు జాలీకి ఆనించి, "వాసన చూడు" అంది. ఆయన కదల్లేదు. "చూడు రా" అని గద్దించింది. అప్పుడు వంగి జాలీకి ముఖం ఆనించాడు. అలాగే ఉండిపోయాడు. ఆయన భుజాలు కదలటం నేను చూశాను.

"అమ్మా, హాత్ పీఛే" అని జవాను అరిచాడు.

"అచ్ఛా బాబా, అచ్ఛా" అని చెయ్యి తీసుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు రిక్షాలో ఆమె గోళ్లలోని మరువం తీసుకుంటూ కూర్చుంది. "వాడు నమ్మకపోయుంటే ఏం చేద్దునే పిల్లా" అంది. రెండేళ్లలో ఆమె భయం బయటపెట్టింది ఆ ఒక్కసారే. నన్ను చూసి, "మల్లెన్నడు ఆయనకు అబద్దం చెప్పకు. లోపల కూసున్నోడు దాన్నే తవ్వుకుంట కూసుంటడు" అంది. ఇంకెన్నడూ చెప్పలేదు.

వేపచెట్టు కింద ఆడవాళ్లు ఆమె చుట్టూ ఎప్పుడు చేరారో నాకు సరిగా గుర్తు లేదు. మొదట ఒకామె మూట చూపించి అడిగింది. తర్వాత అందరూ చూపించడం మొదలుపెట్టారు. జవాను కంటే ముందు ఆమే మూటలు తనిఖీ చేసేది. పొద్దున తిని రమ్మనేది, నీళ్లు తెచ్చుకొమ్మనేది, వరసలో కళ్లు తిరిగి పడితే లోపలివానికి అదొక దిగులని. ఉత్తరం సంగతి అడిగితే, "లోపల నలుగురు చదివినంకనే ఇస్తరు. నలుగురు చదివినా సిగ్గుగానిదే రాయి, గని వారం వారం రాయి. రాయనీకె ఏం లేకుంటే వాన పడ్డదని రాయి" అనేది. మొగుడికి పనివాళ్లతో మిఠాయి పంపించి, తను మాత్రం రాని ఒక పెద్దింటి ఆమెకు కబురు చేసింది, "లడ్డూలు జవాన్లు తింటున్నరు, నువ్వు రా" అని. ఆ పెద్దింటామె ముసుగేసుకుని వచ్చింది. నాన్న బొంబాయి పోయాడని పిల్లలకు చెప్పానన్న ఇంకొకామెను, "రేపు ఎవరన్న బయట చెప్తే పోరగాండ్లు నిన్ను నమ్ముతరా, వాండ్లను నమ్ముతరా?" అని నిలదీసింది. కొంచెం నోటి దురుసు ఎక్కువే. ఆ నోటికి జడిసి రానివాళ్లూ ఉన్నారు, అబద్ధమెందుకు. మా ఆయన బయటికి వచ్చాక కూడా ఆమె ములాఖాత్ రోజున ఆ వేపచెట్టు కిందికి పోవటం మానలేదు.

మా ఆయన విడుదలైన రోజు అత్తమ్మ చుట్టాలను ఎవరినీ రానివ్వలేదు. విందు లేదు, దిష్టి తీయటం ఒక్కటే. ఇంట్లోకి వచ్చాక ఆయన మూసిన తలుపు దగ్గరకు వెళ్లి ఊరికే నిలబడేవాడు. ఎవరో వచ్చి తీయాలన్నట్టు. నేను లేవబోతే అత్తమ్మ నా చెంగు పట్టి ఆపింది. "కూసో. వాన్నే తీసుకోనియ్యి" అంది. మొదటిరోజు చాలాసేపు నిలబడ్డాడు. మేమిద్దరం వంటింట్లోంచి చూస్తూ చిక్కుడుకాయలు గిల్లుతున్నాం. చివరికి గడియ శబ్దం వినబడింది. అత్తమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

మర్నాడు బుట్ట ఆయన చేతికిచ్చి గుడికి పంపింది, వెనకే మేమూ వెళ్లాం. బావగారు అడ్డం వచ్చాడు. జైలు తిండి తిన్న మనిషి పూల బుట్ట ముట్టుకోవచ్చా అన్నాడు.

"జైల్ల జొన్నరొట్టె, పప్పు పెట్టిండ్రు. నువ్వు పొద్దుగాల తిన్నదేంది?" అంది అత్తమ్మ. "కొయ్య ఎన్ని దినాలు ఖాళీ పడ్డది? చెప్పు. నువ్వే చూసినవు కద రోజూ." బావగారు పక్కకు జరిగాడు. మా ఆయన బుట్ట తగిలించి, హారతికి తన చోట నిలబడ్డాడు.

ఒక్కటి మాత్రం ఆమె అనుకున్నట్టు జరగలేదు. మా ఆయన కార్వాన్ వెళ్లలేకపోయాడు. ఒకసారి పురానాపూల్ దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. ఇంకోసారి దుకాణం కనబడేంత దూరంలో నిలబడి, పూలు ఆమెనే తెమ్మన్నాడు. విడుదలై నాలుగేళ్లు దాటినా సేటుకు ఎదురుపడలేదు. పూలు అత్తమ్మే తెచ్చేది, మోకాళ్లు పట్టేసినా సరే. నాకు విసుగొచ్చి, "నువ్వు తొవ్వ చేసినవు, ఆయన నడుస్తలేడు కద అత్తమ్మా" అన్నాను.

"నడుస్తడు. కాళ్లకు జెర టైం గావాలె" అంది. ఆ తొవ్వలో ఆయన నడవటం చూడకుండానే పోయింది.

మైల వచ్చిన ఇంటివాళ్లు పది రోజులూ గుడి పని ముట్టుకోకూడదు; వేరుపడిన దాయాదులకు మా గుడి దగ్గర ఆ పట్టింపు లేదు. ఆ రోజుల్లో మిగిలిన మూడిళ్లవాళ్లు వంతుల వారీగా ఆ ఇంటి కొయ్యకూ బుట్ట తగిలిస్తారు. బావగారు చూసుకుంటాడులే అనుకున్నాం, లేదా చూసుకోడేమో అనుకున్నాం. రెండూ అనుకున్నాం. పదకొండోరోజు స్నానాలు చేసి గుడికి వెళ్లాం.

మా కొయ్యకు అత్తమ్మ పాత బుట్ట వేలాడుతోంది. అందులో దండలు చూస్తే నవ్వు రావాలి. ముడి ఒకచోట వేలంత లావు, ఇంకోచోట పూవు జారిపోయేంత వదులు. రెండు పూల మధ్య ఇంకో పూవు పట్టేంత సందు. మా నాలుగిళ్లలో ఇలా కట్టే చెయ్యి లేదు. కింద గోడకు ఆనుకుని ఒక పెద్దమనిషి మరో దండతో కుస్తీ పడుతున్నాడు. ఆయన ఎడమ చెవి పక్కన నున్నటి పాత మచ్చ ఉంది.

బావగారు గొంతు తగ్గించి మా ఆయనతో అన్నాడు. "చిన్నమ్మ పూలకు రాలేదని అడుగుకుంట వచ్చిండు తమ్మీ. పది దినాలు సేటే తెచ్చిండు. మేం కడతమంటే వినలే. అమ్ముడే గని కట్టుడు రాదు, మస్తు తిప్పలు పడ్డడు."

సేటు తలెత్తి మమ్మల్ని చూశాడు. చెవి సరిగా వినబడనివాళ్లకు ఉండే పెద్ద గొంతుతో, గుడంతా మోగేలా అన్నాడు. "అవ్వ ఇరవై దినాలు నా దుకాన్ ముందల నిలవడ్డది. పది దినాలు నేను కూసోలేనా?"

మా ఆయన గుమ్మంలో నిలబడిపోయాడు. అప్పట్లో ఇంట్లో మూసిన తలుపు ముందు నిలబడినట్టే నిలబడ్డాడు. నేను మాట్లాడబోయి, నా చెంగు ఎవరో పట్టుకున్నట్టనిపించి ఆగిపోయాను.

కాసేపటికి ఆయన లోపలికి నడిచాడు. సేటుకు ఎదురుగా కాకుండా చుట్టు తిరిగి వెళ్లి, కుడిపక్కన కింద కూర్చున్నాడు. చెంబులోంచి తడి నార ఒకటి తీసుకున్నాడు.

"ముడి గట్ల కాదు సేటూ" అన్నాడు. "ఇగో, గిట్ల."

సేటు తల వంచి, కుడి చెవి దగ్గరికి తెచ్చాడు.